గొడుగు బండికి వానాకాలపు సెలవు

కళ్ల పరీక్షలు చేసే బండి మీద నేను చాలా ఏళ్లు ఆయాగా పనిచేశాను. ఇప్పుడు ఆ పనిలో చేరిన అమ్మాయిలు అప్పుడప్పుడూ మా ఇంటికి వచ్చి, టీ తాగుతూ, మీ రోజుల్లో ఎలా ఉండేదమ్మా అని అడుగుతుంటారు. మా రోజులంటే మరీ పాతకాలమేం కాదు. అప్పుడూ సెల్‌ఫోన్లు ఉన్నాయి, అప్పుడూ కొండ వైపు వెళితే సిగ్నలు ఉండేది కాదు. వాళ్లకు చెప్పిన సంగతుల్లో వాళ్లు బాగా నవ్విన ఒకదాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఇందులోని మనుషులు చాలామంది ఇంకా గట్టిగానే ఉన్నారు. పేర్లు రాస్తే ఆటో ఎక్కి పోట్లాటకు వస్తారు. అందుకని పేర్లు రాయడం లేదు.

ముందు బండి ఎలా ఉండేదో చెప్పాలి. చిన్న లారీ వీపు మీద ఒక పెట్టె బిగించినట్టు ఉండేది. శృంగవరపుకోట దాటి కొండల వైపు వెళ్లే దారుల్లో చెట్ల కొమ్మలు కిందకి వాలి ఉంటాయి కాబట్టి, ప్రయాణంలో ఆ పెట్టె కప్పు దించి ఉండేది. ఊరు చేరాక నాలుగు మూలలా కొక్కేలు విప్పి, లోపల నిలబడి చేతులతో పైకి నెడితే కప్పు లేచేది. మడతపడి ఉన్న కాన్వాసు చుట్టూ గోడల్లా విచ్చుకునేది. లోపల రెండు బల్లలు, వాటి మీద పరుపులు, మందుల అలమర, ఒక మూల అక్షరాల చార్టు. బయటి దేశాల్లో ఇలాంటి బండ్లు వేసుకుని జనం సరదాగా ఊళ్లు తిరుగుతారట. మా ట్రస్టుకు సాయం చేసే దాత ఒకాయన అది చూసి, అలాంటిదే కళ్ల పరీక్షలకు చేయించి ఇచ్చారు. జనం దాన్ని గొడుగు బండి అనేవారు.

బండికి ముగ్గురం. డ్రైవరన్నియ్యది ఎచ్చెర్ల అవతల సముద్రపు ఒడ్డు ఊరు. వాళ్ల ఇంట్లో అందరూ చేపల వేటకు వెళ్లేవాళ్లే, రోడ్డు మీద బతికేది ఈయనొక్కడే. బ్రేకు వేసినా లంగరు వేశానన్నట్టే మాట్లాడేవాడు. సిస్టరమ్మది విజయనగరం. మెత్తగా మాట్లాడేది కానీ ఆమె చూపు పడితే మందు సీసా కూడా సర్దుకుని నిలబడేది. ఖాళీ మధ్యాహ్నాల్లో నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆ చార్టు మీదే నాకు అక్షరాలు నేర్పింది. మూడో మనిషిని నేను, శృంగవరపుకోట పక్క ఊళ్లో వరి పండించే ఇంటి కోడల్ని.

ప్రతి ఏడూ వానలు మొదలవగానే బండికి సెలవు. కొండ దారులు జారుడుగా ఉంటాయి, జనం ఉభాల్లో ఉంటారు, ఎవరూ రారు అనేది మాకు ముందున్నవాళ్లు చెప్పిన మాట. వరి నాట్లను మా వైపు ఉభాలంటారు. మేమూ అదే మాట పట్టుకున్నాం. ఊరి బయట మూతపడిన బియ్యం మిల్లు షెడ్డులో బండిని పెట్టుకోనిచ్చేవాడు దాని యజమాని. ఆయన్ని అందరూ మిల్లు మావ అనేవారు.

నేను చెప్పబోయే ఏడు, బండిని మూసే రోజున డ్రైవరన్నియ్యకు ప్రేమ పొంగింది.

"ఏడాదంతా మనల్ని మోసినాది. ఎద్దయితే నీలు పోసి పసుపు రాసీవోలం కాదేటి? దీనికి నోరు లేదని ఇలగే ఒగ్గీడమేటి?" అన్నాడు.

ఆ మాట నాకూ న్యాయంగానే అనిపించింది. మిల్లు బోరుకు పైపు తగిలించి బండిని లోపలా బయటా కడిగాం. కాన్వాసు కడిగాం, చెక్క నేల కడిగాం, పరుపుల మీది రెక్సిను కడిగాం. బానెట్టుకి పసుపు రాసి బొట్టు పెట్టాం. బంతిపూల దండ ఒకటి, మామిడాకుల తోరణం ఒకటి లోపల కట్టాం. లోపల కప్పుకు ఉన్న కొక్కేనికి దిష్టి గుమ్మడికాయ వేలాడదీశాం. సిస్టరమ్మ మాత్రం కాన్వాసు పట్టి చూసి, "ఇంకా తడిగా ఉంది. రేపు మూద్దాం," అంది.

మిల్లు మావ ఒప్పుకోలేదు. "రేపు అమాస తల్లీ. అమాసనాడు మూసిన తలుపు మంచికి తెరుసుకోదు. మద్దినేలకల్లా మూసీండి," అన్నాడు. కొండ మీద మబ్బు కూడా నల్లగా దిగుతోంది. మూసేశాం.

డ్రైవరన్నియ్య బల్లల కింద రాళ్ల ఉప్పు బస్తాలు దోపాడు. "ఉప్పు సెమ్మ తాగీస్తాది సెల్లీ. మా ఎండుసేపల కొట్లో ఇదే కదేటి మందు," అన్నాడు. ఇక నా వంతు. ధాన్యం కుప్ప మీద బరకం కట్టడంలో మా ఇంటివాళ్లకు పేరుంది. టార్పాలిన్ బరకాన్ని కప్పు మీంచి చక్రాల దాకా దించి, తాళ్లు బిగించి, అంచుల మీద ఇటుకలు పేర్చాను. చీమ కూడా దూరదు. ముగ్గురం చెంపలేసుకుని దణ్ణం పెట్టుకున్నాం. మూడు ఊళ్ల తెలివిని ఒక్క బండికి చుట్టేసి, ఎవరి దారిన వాళ్లం వెళ్లిపోయాం.

డ్రైవరన్నియ్య తన ఊరు వెళ్లాడు. వేట విరామం అయిపోయి పడవలు కదిలే కాలం అది. ఏడాది మొత్తంలో ఆయన సముద్రం చూసేది ఆ సెలవులోనే. సిస్టరమ్మ పట్నంలో ట్రస్టు ఆసుపత్రికి వెళ్లింది. నేను మా మడిలోకి దిగాను.

శ్రావణ మాసంలో సిస్టరమ్మ ఫోను చేసింది. "ట్రస్టు కమిటీవాళ్లు వచ్చే వారం బండి చూడ్డానికి వస్తున్నారు. బాగుంటే ఉంచుతారు. బాగోలేకపోతే అమ్మేసి, పేషెంట్లను బస్సులో ఆసుపత్రికే రమ్మంటారట," అంది.

సిస్టరమ్మకు ఆసుపత్రి ఉంది. నాకు అక్కడ తుడిచే పనైనా ఇస్తారు. డ్రైవరన్నియ్యకు మాత్రం ఏమీ లేదు. ఆసుపత్రి కార్లకు కుర్ర డ్రైవర్లు ఉన్నారు. ఆయనకేమో పని మానే వయసు దగ్గరపడింది, మానే వీలు మాత్రం ఇంకా లేదు. నేనే ఫోను చేసి ఆయనకు విషయం చెప్పాను. "పడవెక్కుదావంటే మా తమ్ముల్లు నన్ను మనిసి కింద కాదు, బరువు కింద లెక్కెడతారు సెల్లీ," అన్నాడు. మరునాడే బస్సు దిగాడు. సిస్టరమ్మా పట్నం నుంచి వచ్చింది.

ఇక కొండ కింద ఊళ్ల ముసలమ్మలు. పట్నం వెళ్లాలంటే తోడు కావాలి, తోడు వచ్చేవాళ్లకు కూలి పోతుంది. బండి లేకపోతే వాళ్లు కంటి సంగతే వదిలేస్తారు. అది మా ముగ్గురికీ తెలుసు.

బరకం తాళ్లు విప్పుతుంటే నా ముడులు నాకే లొంగలేదు. చివరికి కొడవలితో కోశాం. తలుపు తీశాం.

"ఓలమ్మో!" అని మిల్లు మావ ముక్కు మూసుకుని షెడ్డు బయటికి నడిచాడు.

ఆ వాసన ఎలా చెప్పను. తడి కుక్క, పులిసిన కల్లు, నానిన గోనె కలిపితే రావచ్చు. కప్పు లేవలేదు, చెక్క ఉబ్బి పట్టేసింది. టార్చి వేసి చూస్తే కాన్వాసు మడతల్లో నల్ల మచ్చలు, పరుపుల మీద తెల్లటి నూగు. గుమ్మడికాయ కుళ్లి, ఒకరోజు దానంతట అదే జారి పరుపు మీద పడి, అక్కడే కరిగిపోయింది. ఉప్పు చెమ్మ తాగిన మాట నిజమే. తాగినంతా బస్తాల్లోంచి కారి బల్ల కాళ్లకు పట్టింది, ఇనుము పొరలు పొరలుగా తుప్పు రాలుస్తోంది. చార్టు తీసి తుడిచాను. బూజుతో పాటు అక్షరాలు కూడా గుడ్డకు వచ్చేశాయి. కింది వరసలు పోయాయి. ఆ గుడ్డను పారేయకుండా మడిచి పక్కన పెట్టాను.

"అంతా నీ బరకమేనే! గాలి దూరకుండా పీక నులిమీసినావు!" డ్రైవరన్నియ్య నా మీద పడ్డాడు.

"నీ ఉప్పో? ఇదేటి బండా, ఉప్పుసేపా?"

"మావ అమాస అన్నాడు కాబట్టి గానీ, నేకపోతే ఆరీ దాకా ఉందుం!" అన్నాడు డ్రైవరన్నియ్య.

బయటినుంచి మిల్లు మావ అరిచాడు. "అమాస ఏటి సేసినాది రా? అమాస నీలు పోసినాదేటి బండికి?"

సిస్టరమ్మ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుంది. "ముందు అన్నీ బయటికి తీయండి. ఎవరి తప్పో ఎండలో పెడితే తెలుస్తుంది," అంది.

ఆ వారం రోజులూ మేము పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. ఎండ వచ్చిందని పరుపులు బయట వేస్తే చినుకు పడేది, లోపలికి మోస్తే మళ్లీ ఎండ వచ్చేది. పిల్లి పిల్లల్ని మార్చినట్టు మార్చాం. అయినా ఒకరి మాట ఒకరం విన్నాం. బూజును తడిపి రుద్దబోతే సిస్టరమ్మ ఆపింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఆరుబయట, ముందు పొడి బ్రష్షుతో దులపాలని, ఆ తర్వాతే సబ్బు నీళ్లని చెప్పింది. బ్లీచింగు వద్దు, ఆపరేషను గుడ్డలే దానికి చివికిపోతాయంది. మండుటెండలో కాన్వాసు ఆరవేయబోతే డ్రైవరన్నియ్య ఒప్పుకోలేదు. వలకైనా గుడ్డకైనా నీడలో గాలి తగలాలన్నాడు. పరుపుల్ని నేల మీద పరవకుండా అంచు మీద నిలబెట్టి, కింద వెదురు బద్దలు వేయమన్నది మిల్లు మావ, ధాన్యం బస్తాల కింద వేసినట్టుగా. రెండు గెడకర్రలు పెట్టి నలుగురం ఒక్కసారిగా ఎత్తితే కప్పు కీచుమంటూ లేచింది. గాలి ఆడాలని దాన్ని అలాగే లేపి ఉంచి, ఎదురుగా మిల్లులోని పాత ఫ్యాను పెట్టాం.

కప్పు లేపిన మరునాడు పొద్దున్నుంచీ కుండపోత. షెడ్డు గుమ్మంలోకి ఆడవాళ్లు వచ్చి నిలబడ్డారు, తల మీద యూరియా సంచుల గొంగళ్లు, మోకాళ్ల దాకా మడి బురద. వాళ్లలో ముందున్నామె నన్ను చూసి, "శిబిరం పెట్టీసినారు. మాకు కబురెట్టొద్దేటి?" అని దెబ్బలాటకు దిగింది.

"శిబిరం కాదప్పా, బండి ఆరబెడతన్నాం," అన్నాను.

"కప్పు నేపీసి, కాదంటావేటి? గట్టు మీంచి అందరం సూసినాం."

"నిజంగానే కాదు. వాసన సూడు."

"మా కల్లు సూత్తాది గానీ సిస్టరమ్మ, మా ముక్కులు సూత్తాదేటి?" అంది వెనకనున్న ముసలమ్మ. అందరూ ఘొల్లుమన్నారు. ఎవరూ కదలలేదు.

సిస్టరమ్మ చేతిలోని బ్రష్షు కింద పెట్టి చేతులు కడుక్కుంది. ఆ ముసలమ్మను తిరగేసిన బకెట్టు మీద కూర్చోబెట్టి, టార్చి వేసి కళ్లు చూసింది. ఒక కంట్లో పొర ముదిరిపోయింది. తర్వాత మనిషికి చార్టు కావాల్సి వచ్చింది. సిస్టరమ్మ నాకు సుద్దముక్క ఇచ్చి, షెడ్డు తలుపు చూపించి, తాను స్కేలుతో గీతలు గీసి పెట్టింది. ఆ గీతల మధ్య అక్షరాలు నేను రాశాను. పై వరసలో పెద్దవి, కిందకి వస్తున్నకొద్దీ చిన్నవి. ఒకటి కాస్త వంకర పోయింది, ఎవరూ అడగలేదు. చదువు రానివాళ్లకు వేళ్లు చూపించాం. సాయంత్రం దాకా అదే పని. పరుపుల సంగతి మరిచిపోయాం.

తర్వాత వాన పడ్డ ప్రతిరోజూ జనం వచ్చారు. పొద్దున్నే మబ్బు పట్టిందంటే డ్రైవరన్నియ్య, "అదిగో, వస్తన్నారు," అని విసుక్కునేవాడు.

కమిటీ వచ్చే రోజుకు ఆయన ఒక పథకం వేశాడు. మచ్చలు పోని పరుపులు మిల్లు వెనక దాచాడు. తుప్పు పట్టిన కాళ్లకు వెండి రంగు పూశాడు. వాసన తెలియకుండా లోపల సాంబ్రాణి వేశాడు. "ఎవులైనా అడిగితే సర్వీసింగు సేస్తన్నామని సెప్పండి," అన్నాడు. సిస్టరమ్మ, "నేను చెప్పను. మీరు చెబితే అడ్డురాను," అంది. ఆయన మళ్లీ సాంబ్రాణి అందుకున్నాడు. ఆ వయసులో పని పోగొట్టుకోవడం ఎంత భయమో అది పోగొట్టుకున్నవాళ్లకే తెలుసు, పోబోయేవాళ్లకు ఇంకా బాగా తెలుసు.

ఆ రోజూ వానే. జనమూ వచ్చారు. డ్రైవరన్నియ్య చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు. "పొండి, పొండి. ఈయేల పెద్దోలు వస్తన్నారు."

"పెద్దోలొస్తే మాకేటి? మావి కల్లు కావేటి?" అని ఆయన చేతుల కిందనుంచే దూరి లోపలికి వచ్చేశారు.

అంతలోనే కారు దిగారు. కమిటీ పెద్ద ఒక పెద్దావిడ, వెంట ఇద్దరు మగవాళ్లు. ఆవిడ చీర కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని బండి ఎక్కింది. సాంబ్రాణి పొగలో నిలబడి ఒక్కసారి గాలి పీల్చింది. కాన్వాసు మీద వేలు రాసి చూసుకుంది. "ఏమైంది దీనికి?" అని డ్రైవరన్నియ్యను అడిగింది.

ఆయన నోరు తెరిచాడు. సర్వీసింగు అనే మాట పెదవి దాకా వచ్చింది. ఎదురుగా వరసలో కూర్చున్న ముసలమ్మలు, తలుపు మీది సుద్ద అక్షరాలు, ఆవిడ వేలి మీది నలుపు, అన్నిటినీ ఒకసారి చూసి, భుజం మీది తువ్వాలు చేతిలోకి తీసుకున్నాడు.

"తడిగా మూసీసినామమ్మా. ముగ్గురం కలిసే సేసినాం. మంచి జరుగుతాదని గుమ్మడికాయ కూడా కట్టినాం."

"లోపలా?"

"లోపలే."

మగవాళ్లలో ఒకాయన దగ్గు వచ్చినట్టు అటు తిరిగాడు. ఆవిడ నవ్వలేదు. "ఈ జనం ఎవరు? వానాకాలంలో ఎవరూ రారనే కదా ప్రతి ఏడూ బండి ఆపుతున్నారు?"

ఎవరూ రారని మాకు ఎవరో చెప్పారు. మేము ఎవరినీ అడగలేదు. ఏటేటా మడిలో వాళ్లలాంటి వాళ్ల పక్కనే నడుం వంచి ఉభాలు వేసిన నేను కూడా అడగలేదు.

జవాబు వరసలోంచి వచ్చింది. మొదటి రోజు నాతో దెబ్బలాడినామే లేచింది. "ఎవులు సెప్పినారమ్మా రామని? ఎండ కాసిన రోజు మాకు తీరుబడేటి? ఇలగ వాన కొడితేనే మడి పని ఆగుతాది. మాకు కుదిరేది ఈ ముసుర్లలోనే. అప్పుడే మీ బండి ఉండదు."

పెద్దావిడ పరుపు లేని బల్ల మీద కూర్చుని వరస కదలడం చూసింది. సిస్టరమ్మ పరీక్షలు ఆపకుండా చేస్తూనే ఉంది. నేను ఒక్కొక్క అక్షరం మీద పుల్ల పెట్టి అడుగుతూనే ఉన్నాను. డ్రైవరన్నియ్య తువ్వాలు మెలిపెడుతూ నిలబడ్డాడు. చివరికి ఆవిడ లేచి తన వెంట వచ్చినవాళ్లతో, "అమ్మకం మాట వదిలేద్దాం," అంది. మా వైపు తిరిగి, "కాన్వాసు మార్పిస్తాను. కొండ దారి ఎండే దాకా బండి ఇక్కడే, ఈ షెడ్డులోనే ఉండాలి. కప్పు లేపే ఉండాలి. ఇక వానాకాలం సెలవు లేదు," అంది.

కారు మలుపు తిరిగాక డ్రైవరన్నియ్య ఇటుకల మీద కూలబడ్డాడు. "బండి మిగిలినాది సెల్లీ. సముద్రం పోనాది," అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు.

ఆ తర్వాత మా బండికి బూజు పట్టలేదు. అందులో మా గొప్పతనం ఏమీ లేదు. రోజూ తలుపు తీసేవాళ్లం, రోజూ గాలి తగిలేది, సాయంత్రం పరుపులు నిలబెట్టి అలమర తలుపులు బార్లా తీసి ఉంచేవాళ్లం. మీకు ఎప్పుడైనా ఇలాంటి బండి మూయాల్సి వస్తే మడతల్లో చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తగిలితే మూయకండి. బరకం వదులుగా, కింద గాలి ఆడేలా కప్పండి. ఎండ కాసిన రోజున వెళ్లి తెరవండి. పూలు, పళ్లు, గుమ్మడికాయలు బండి బయటే కట్టండి, దేవుడికి అక్కడా కనబడతాయి.

మరుసటి ఏడు వానల్లో మొదటి ముసురు పట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. డ్రైవరన్నియ్య తమ్ముడు పడవ మీదనుంచి ఫోను చేసి, కోనాం చేప పడిందని కేకలు పెడుతున్నాడు. ఈయన ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మెట్టు ముందు గోనెలు పరుస్తూ, వచ్చినవాళ్లందరినీ గదమాయిస్తున్నాడు.

"కాల్లు తుడుసుకోండి! ఒసే, బురద దులుపుకోయే! ఈపాలి బండి తడిసిందంటే అందరం ఇంటికే!"

"ఏటి బావా, ఇది బండేనా, కొత్త పెల్లాన్ని తెచ్చినావేటి?" అని ఎవరో అన్నారు.

వరసలో చివర ఒక ముసలమ్మ ఉంది. కాళ్లు తుడుచుకోవాలంటే ఆమె నడుం వంగడం లేదు. డ్రైవరన్నియ్య ఫోను జేబులో పెట్టి, గోనె మీద గొంతుక్కూర్చుని, ఆమె పాదం ఎత్తి తన మోకాలి మీద పెట్టుకున్నాడు. భుజం మీది తువ్వాలుతో వేళ్ల సందుల్లో బురద తుడవడం మొదలుపెట్టాడు. ముసలమ్మకు సిగ్గేసింది. ఆయన తల మీద చెయ్యి ఆనించి నిలబడి, "నీకు పున్నెం ఉంటాది నాయినా," అంది.

ఆయన రెండో పాదం అందుకుంటూ, "పున్నెం నీకాడే ఉంచుకో అప్పా. పరుపు మీద మాత్రం కాలెట్టకు," అన్నాడు.